రెండు గడియారాల ఇంట్లో పన్నెండు రోజులు

అక్టోబర్ 2, 2024, బుధవారం

ఎంగిలిపూల బతుకమ్మ అంటే మాకు వెయ్యిస్తంభాల గుడే, హన్మకొండల పుట్టి పెరిగినోళ్లకి ఆ రోజు ఇంకోకాడ ఉండుడంటే మనసొప్పదు. ఈసారి మాత్రం పొద్దున ఏడింటికే అమ్మని, బాపుని తీసుకుని ఉప్పల్ బస్సెక్కిన. బడికి ఇయ్యాల్టి నుంచే దసరా సెలవులు, మా ఆయనకి బ్యాంకు డ్యూటీ, ఇక మరదలు ఫోన్‌ల "వదినా, ఈ పండగకి మీరే రండి, నాకు ఒక్కదానికి ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు" అన్నంక ఇంకేం ఆలోచించలే.

తమ్ముడు ఆర్మీల హవల్దార్, ఈఎంఈల, అంటే ఆర్మీ బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగంల, వెహికల్ మెకానిక్. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లనే ట్రైనింగ్ అయ్యిండు, అందుకే కుటుంబాన్ని లోతుకుంట దిక్కు కిరాయికి పెట్టిండు. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి శాంతిదళంల, లెబనాన్ దక్షిణాన ఉన్నడు. యూనిఫిల్ అంటరు దాన్ని, 1978 నుంచి ఉన్నది, మన బెటాలియన్ 1998 నుంచి అక్కడ డ్యూటీ చేస్తున్నది. మొత్తం పదివేల మందిల మనోళ్లు దాదాపు 900. పోయేటప్పుడు "అక్కా, అక్కడ మనం యుద్ధం చేసేది ఉండదు, మధ్యల నిలబడేదే" అన్నడు. ఆ మధ్యల నిలబడుడే ఇప్పుడు కష్టమైంది. నిన్న పొద్దున ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్లకి దిగిందన్నరు, రాత్రి ఇరాన్ మిసైళ్లు వేసిందన్నరు. వాడి దగ్గర్నుంచి నిన్న సాయంత్రం "డ్యూటీ. రేపు చేస్త" అని ఒక్క మెసేజ్, అంతే. జనగామ దాటేదాక అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకునే కూసున్నది, మోగితే నా చేతికియ్యాలె అని, తను ఎత్తితే ఎక్కడ కట్ అయితదో అని భయం.

ఉప్పల్ల దిగి మెట్రో ఎక్కినం. లోపల బోర్డు మీద బ్లూ లైన్ అని రాసి ఉన్నది. బాపు దాన్ని చాలాసేపు చూసి "వాడున్నది కూడ బ్లూ లైనే" అన్నడు. నిజమే, లెబనాన్ ఇజ్రాయెల్ మధ్యల 2000ల ఐక్యరాజ్యసమితి గీసిన గీతని బ్లూ లైన్ అంటరు, దాదాపు 120 కిలోమీటర్లు, అక్కడక్కడ నీలం డ్రమ్ములు పాతి గుర్తు పెట్టిన్రు. ఇక్కడి బ్లూ లైన్ల మేము పరేడ్ గ్రౌండ్ స్టేషన్ల దిగి, జేబీఎస్ కాడ ఆల్వాల్ బస్సు పట్టుకుని, కార్ఖానా, తిరుమలగిరి దాటి మరదలు ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం.

హాల్ల రెండు గడియారాలు పక్కపక్కనే. ఒకటి మన టైం, ఇంకోటి రెండున్నర గంటలు వెనక. పాప చెయ్యి పట్టి చూపించింది, "ఇది మనది, ఇది డాడీ గడియారం". ఐదేండ్ల పిల్లకి రెండు టైములు చూసుడు వచ్చింది, నా క్లాసుల ఎనిమిదేండ్లోళ్లకి ఒకటే సరిగ రాదు. మన గడియారంల తొమ్మిది, డాడీ గడియారంల ఆరున్నర కొట్టినప్పుడు వాడి ఫోన్ వచ్చే టైం.

వచ్చింది. నాలుగు నిమిషాలు. వీడియో లేదు, మాటే. "అందరు వచ్చిన్రా? బాపు మందులు తెచ్చుకున్నడా? బతుకమ్మ పేర్చిన్రా?" ఇవే. యుద్ధం మాట వాడు ఎత్తలే, మేము ఎత్తలే.

అక్టోబర్ 3, 4

అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ. గల్లీలనే ఆడినం, చుట్టూ సగం ఇండ్లు ఆర్మీ కుటుంబాలే, ఒకామె భర్త సియాచిన్ల, ఒకామె కొడుకు అరుణాచల్ల. తెలుగు రాని పంజాబీ ఆమె కూడ వచ్చి చప్పట్లు కొట్టుకుంట తిరిగింది, ఉయ్యాలో అనే మాట దగ్గర మాత్రం అందరికంటే గట్టిగ అన్నది.

ఈ రెండు రోజుల్ల ఇంటి పద్ధతి అర్థమైంది నాకు. మరదలు ఎవరికీ చెప్పకుండ కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నది. ఎక్కడున్నవ్ అని అడగొద్దు. వాడు పంపిన ఫొటో స్టేటస్ పెట్టొద్దు. వాడు ఏడ తిరుగుతున్నడు, ఎప్పుడు బయటికి పోతడు అనేది చుట్టాల దగ్గర కూడ నోరు జారొద్దు. పాపకి జ్వరం వస్తే తగ్గినంకనే చెప్పాలె. ఫోన్ పెట్టేటప్పుడు ఎంత కోపం ఉన్నా నవ్వుతనే పెట్టాలె. ఇంకోటి, కాల్ రాకపోతే రాత్రి పదకొండు దాక ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు, వేరేవాళ్ల భార్యలకి అస్సలు చెయ్యొద్దు, ఎందుకంటే ఒకామె "మీ ఆయన చేసిండా?" అని అడిగితే చాలు, అర్ధగంటల పది ఇండ్లల్ల నిద్ర పోతది.

టీవీ వార్తలు అమ్మే బంద్ పెట్టించింది. ఒక చానల్ అయితే మొన్న "మన జవాన్ల మీద దాడి?" అని ఎర్ర అక్షరాల్ల వేసింది, చివర ప్రశ్న గుర్తు పెట్టి. ఆ ప్రశ్న గుర్తుకి ఈ గల్లీల ఎంతమంది గుండె ఆగినంత పనైందో ఆ రాసినాయనకి తెల్వదు. నాకు నిజంగ బాధనిపించింది. తెలిస్తే చెప్పాలె, తెల్వకపోతే ఊకోవాలె, అడుగుడేంది దేశాన్ని.

అక్టోబర్ 5, శనివారం

పాప ఇంట్ల ఉండి ఉండి విసిగిందని గోల్కొండ పోయినం. ఆ కోట చుట్టూతా కూడ మిలటరీనే, ఆర్టిలరీ సెంటర్ అక్కడిదే, గోడల పక్కనుంచి ఆటో పోతుంటే బాపు ఒక్కొక్క గేటు చూసి అది ఏందో చెప్పుకుంట వచ్చిండు. బాలాహిస్సార్ దర్వాజ కింద నిలబడి చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంల ఉన్న గుట్ట మీది బారాదరిల వినపడతదని అందరికీ తెలిసిందే, కింద ఎవరన్న వచ్చిన్రంటే పైకి కబురు అన్నట్టు. బాపుకి మోకాళ్లు నొప్పులు, ఎక్కనన్నడు. నేను, మరదలు, పాప ఎక్కినం, అమ్మ సగం దాక వచ్చి నీడకి కూసున్నది.

పోయే ముందు పాప, తాత ఒక మాట అనుకున్నరు. కింద వందమంది కొడతరు కదా చప్పట్లు, తాతవి ఏవో ఎట్ల తెలుస్తది? అందుకని మూడు కొట్టి, ఆగి, రెండు కొట్టాలె. పైన గాలి జోరుగ ఉన్నది, ఎండ మండుతున్నది, పాప గోడకి ఆనుకుని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డది. కింద నుంచి టప్ టప్ అని ఏవేవో వస్తున్నయి, సన్నగ, కట్టె ఇరిగినట్టు. పది నిమిషాలు అయ్యింది. నేను చూసి చూసి పోదాం పా అంటుంటే పాప నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. మూడు. ఆగింది. రెండు. నాక్కూడ వినపడ్డది. "తాత!" అని అరిచింది, తిరిగి తను కూడ మూడు, రెండు కొట్టింది, తాతకి వినపడతదా లేదా అనేది పట్టించుకోలే. మరదలు అటు తిరిగి నిలబడ్డది, ముఖం కనపడనియ్యలే, నేను కూడ అడగలే.

రాత్రి కాల్ల పాప ఇదంతా చెప్పింది. "మూడు, మళ్ల రెండా?" అని అడిగిండు వాడు. ఫోన్ మైకు మీద వేలితో కొట్టి వినిపించిండు, టక్ టక్ టక్, టక్ టక్. లెబనాన్ నుంచి.

అక్టోబర్ 7, సోమవారం

అలిగిన బతుకమ్మ. బతుకమ్మ పేర్చని రోజు. గాజాల యుద్ధం మొదలై ఇయ్యాల్టికి ఏడాది.

కాల్ రాలే. తొమ్మిది అయ్యింది, పది అయ్యింది. పాప డాడీ గడియారం కింద కూసుని అట్లనే నిద్రపోయింది. పన్నెండున్నరకి వాయిస్ మెసేజ్ పడ్డది, ఏడు సెకన్లు, "మంచిగనే ఉన్న, పడుకోండి". మరదలు దాన్ని ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. అమ్మ ఒక్కసారే విన్నది. "వాడు గట్టిగ మాట్లాడుతున్నడు" అన్నది. నాకు తేడా ఏం తెల్వలే. "మామూలుగ వాడిది మెత్తటి మాట, ఏమన్న అయితెనే గొంతు పెంచుతడు, మనకి ధైర్యం చెప్పాలె కదా అని" అన్నది.

తర్వాత వాడే చెప్పిండు, ఆ రోజు చాలాసేపు బంకర్లనే ఉన్నరంట.

అక్టోబర్ 8, మంగళవారం

బాపు పరేడ్ గ్రౌండ్స్ కాడి వీరుల సైనిక స్మారకం చూస్తనన్నడు. నేనే తీసుకపోయిన, బయట నిలబడి చూసి దండం పెట్టుకున్నం. అక్కడ చెట్టు కింద కూసున్నంక ఆయన మాట్లాడిండు. బాపు ఇన్నేండ్లల్ల నాతోని శ్రీలంక గురించి మాట్లాడింది ఇదే మొదటిసారి.

ఆయన ఆర్మీకి సరుకులు చేరవేసే ఏఎస్‌సీల డ్రైవర్, 1987ల శాంతిసేనతోని శ్రీలంకల జాఫ్నా పోయిండు. అది కూడ శాంతిసేననే, జులైల శ్రీలంకతోని ఒప్పందం, అక్టోబర్ వచ్చేసరికి తమిళ పులులతోని యుద్ధం. 1990 మార్చిల ఆఖరి దళం తిరిగొచ్చేసరికి మనోళ్లు దాదాపు 1,200 మంది పోయిన్రు. అప్పుడు నాకు ఏడాది నిండింది, అమ్మకి ఇరవైరెండేండ్లు. ఫోన్ ఏడిది? నీలం ఇన్లాండ్ లెటర్లే. ఇక్కడి నుంచి పోవుడుకి రెండు వారాలు, అక్కడి నుంచి వచ్చుడుకి రెండు వారాలు, ఉత్తరం చదివేసరికి రాసిన మనిషి ఎట్లున్నడో తెల్వదు.

"ఏం రాస్తుంటివి బాపూ?" అన్న. "ఏముంటది బిడ్డా, కొబ్బరిచెట్లు, వానలు, తిండి. లారీ కింద పండుకుని టార్చిలైటు నోట్లె పెట్టుకుని రాస్తుంటి. అవతల మోర్టార్లు పడుతుంటే, ఇక్కడ వానలు మంచిగ పడుతున్నయి అని రాసిన."

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే అమ్మ నవ్వలే, ఏడ్వలే. "నాకు తెలుసు" అన్నది. ఆ ఉత్తరాలు హన్మకొండల ట్రంకు పెట్టెల ఇప్పటికీ ఉన్నయి, నేను చూసిన, మొదటి లైను అన్నిట్ల ఒకటే, "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను". అమ్మకి అప్పట్ల చదువు అంతంత మాత్రమే, పక్కింటాయనతోని చదివించుకునేది, కానీ చదివించుకునే ముందు ఉత్తరాన్ని తిప్పి వెనక వేలు పెట్టి తడిమేదంట. మామూలు రోజుల్ల రాసింది అయితే కాయితం నున్నగ ఉండేది. కొన్నిట్ల మాత్రం పెన్ను ఎంత గట్టిగ ఒత్తిండంటే అక్షరాలు వెనకకి పొంగి గింజల్లెక్క తగిలేవి, ఒకటి రెండు చోట్ల చిల్లులు కూడ. "వానలు అని రాసినవన్నీ అసొంటియే" అన్నది అమ్మ.

బాపు ఆ మాట విని లేచి బయటికి పోయిండు. ముప్పై ఏడేండ్లు దాచిన అనుకున్నడు కదా.

అప్పట్ల అమ్మకి భయం టెలిగ్రాం అంటే, తపాలా ఆయన సైకిల్ మా వాడకి తిరిగితే కాళ్లు చల్లబడేవంట. 2013ల టెలిగ్రాంలే బంద్ అయినయి. ఇప్పుడు మరదలికి భయం తెల్వని నంబర్ అంటే, లోన్ ఇస్తమనే కాల్ వచ్చినా ముఖం తెల్లబడతది.

అక్టోబర్ 9, బుధవారం

రేపు సద్దుల బతుకమ్మ. తెల్లారకముందే నేను, మరదలు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ పోయినం. బంతి గుట్టలు గుట్టలు, చామంతి బస్తాలు, కాలు పెట్టనీకి జాగా లేదు. తంగేడు, గునుగు మాత్రం మార్కెట్ బయట, ఊర్ల నుంచి కోసుకొచ్చి కట్టలు కట్టి అమ్మేటోళ్ల దగ్గర కొన్నం. గునుగు తెల్లగ ఉంటే రంగు అద్దాలె, మరదలు నీలం రంగు కొన్నది. ఎన్నడు లేంది నీలం ఏంది అంటే "వాళ్ల టోపీ రంగు వదినా" అన్నది.

రాత్రి తమ్ముడు బాగనే మాట్లాడిండు, వీడియో కూడ వచ్చింది ఒక నిమిషం. సన్నబడ్డడు. అక్కడి ఊర్లోళ్ల మేకలకి, ఆవులకి మన బెటాలియన్ పశువుల డాక్టరే వైద్యం చేసేదంట, ఇప్పుడు ఆ ఊర్లల్ల చాలామంది ఇండ్లు వదిలి పోయిన్రంట. ఆలివ్ కాయలు తెంపే కాలం, తెంపేటోళ్లు లేరు అన్నడు. వాడు యుద్ధం గురించి మాతోని అన్న మాట మొత్తంల అదొక్కటే. ఇంకోటి, ఈ నెల 27న అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతరంట, అప్పుడు తేడా మూడున్నర గంటలు అయితది, పాపకి ముందే చెప్పి పెట్టమన్నడు, లేకపోతే డాడీ లేటు చేసిండు అనుకుంటదని.

అక్టోబర్ 10, గురువారం

పొద్దున్నుంచి సత్తులు, మలీద, పులిహోర. బతుకమ్మ నా నడుము ఎత్తు వచ్చింది, మధ్యల ఒక వరుస నీలం గునుగు. ట్యాంక్‌బండ్ దిక్కు పోలే, ఆల్వాల్ చెరువుకి పోదామనుకున్నం. సాయంత్రం ఇంట్లనుంచి ఎత్తుకునేటప్పుడు నా ఫోన్ల పడ్డది వార్త. నకూరాల యూనిఫిల్ హెడ్‌క్వార్టర్స్ వాచ్ టవర్ మీద ఇజ్రాయెల్ ట్యాంకు కాల్చింది, ఇద్దరు శాంతిదళం సైనికులు టవర్ మీద నుంచి పడ్డరు. ఏ దేశపోళ్లో నేను చదివిన ముక్కల లేదు.

నేను ఫోన్ బోర్లించిన. మరదలు నన్ను చూసింది. ఆమె ఫోన్ల కూడ అప్పటికే వచ్చింది, నాకు తర్వాత తెలిసింది, నేను దాచిన అనుకున్న, ఆమె దాచిన అనుకున్నది, ఇద్దరం బతుకమ్మ చెరో దిక్కు పట్టుకుని ఆటో ఎక్కినం.

చెరువు కాడ జనం, డీజే ఒక దిక్కు, మామూలు పాట ఒక దిక్కు. మా గల్లీ ఆడోళ్లు డీజేకి దూరంగ వలయం కట్టిన్రు. నేను తిరుగుతున్న, చప్పట్లు కొడుతున్న, నోట్లనుంచి పాట వస్తున్నది, లోపల మాత్రం ఇద్దరు, ఇద్దరు అనే నడుస్తున్నది. ఎవరో ఒకరి ఇంట్ల పిల్లలే కదా ఆ ఇద్దరు కూడ, మావాడు కాకపోతే చాలు అని మొక్కుడు కూడ తప్పే అనిపించింది, అయినా మొక్కిన.

ఎనిమిది దాటినంక బాపు ఇంటికాడినుంచి ఫోన్ చేసిండు. వాళ్లు ఇండోనేషియా పిల్లలంట, దెబ్బలే, ప్రాణానికేం లేదంట, నకూరా సముద్రం ఒడ్డున పడమర దిక్కు, మన బెటాలియన్ తూర్పు సెక్టార్ల అని పాత పేపర్ల వచ్చిన పటం ముందర పెట్టుకుని ఒక్కొక్కటి విడమర్చి చెప్పిండు. నేను ఆ మాట మరదలికి చెప్పనీకి తిరిగేసరికి ఆమె ఫోన్ మోగింది. వాడే. ఇంకా తొమ్మిది కాలే.

"మాట్లాడకు, ఫోన్ ఎత్తి పట్టు" అన్నడంట. మరదలు ఫోన్ చెయ్యి పైకి లేపి వలయం మధ్యల నిలబడ్డది. ఉయ్యాలో అని ఆడోళ్లందరు ఆమె చుట్టే తిరిగిన్రు, పంజాబీ ఆమె కూడ, అమ్మ కూడ. పదకొండు నిమిషాలు. తర్వాత లైన్ కట్ అయ్యింది. బతుకమ్మని నీళ్లల్ల వదిలినప్పుడు నీలం వరుస చీకట్ల కనపడలే, పసుపే కనపడ్డది.

అక్టోబర్ 11, శుక్రవారం

మన విదేశాంగ శాఖ ప్రకటన ఇచ్చింది, బ్లూ లైన్ కాడ పరిస్థితి చూస్తే ఆందోళనగ ఉన్నది, ఐక్యరాజ్యసమితి జాగాలని అందరు గౌరవించాలె అని. బాపు రెండుసార్లు చదివించుకున్నడు. సాయంత్రానికి మళ్ల వార్త, నకూరాలనే ఇంకో ఇద్దరికి గాయాలు, ఈసారి శ్రీలంక సైనికులు.

"లంక పిల్లలా?" అన్నడు బాపు. చాలాసేపు ఊకున్నడు. "మేము జాఫ్నాల ఉన్నప్పుడు వీళ్లు పుట్టిన్రో లేదో. ఇయ్యాల మావాడు, వాళ్లు ఒకటే టోపీ పెట్టుకున్నరు" అన్నడు. తర్వాత ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకం గురించి చెప్పిండు, ఆ మూడు బొమ్మల్ల ఒకటి హైదరాబాద్ సంస్థానం లాన్సర్లదంట, మొదటి ప్రపంచ యుద్ధంల వాళ్లు పోయింది కూడ ఆ పాలస్తీనా దిక్కే. హైఫా అని మనం రోజూ వార్తల్ల వింటున్న ఊరు, 1918ల మన సంస్థానాల గుర్రపు దళాలు గెలిచిన ఊరే. అప్పుడు ఆ లాన్సర్ల ఇండ్లల్ల ఆడోళ్లకి కబురు ఎట్ల వచ్చేదో, ఎన్ని నెలలకి వచ్చేదో, నాకు రాత్రంతా అదే ఆలోచన.

అక్టోబర్ 12, శనివారం

దసరా. జమ్మి ఆకు తెచ్చుకుని పెద్దోళ్ల చేతుల పెట్టి కాళ్లు మొక్కినం. మరదలు నాలుగు ఆకులు ఒక కవర్ల పెట్టి తేదీ రాసి బీరువల దాచింది, వాడు వచ్చినంక ఇయ్యనీకి.

మధ్యాహ్నం ఫొటో పంపిండు. బండ్ల ఫొటోలు పంపొద్దు కాబట్టి పంపలే, ఒక స్పానర్, ఒక జాకీ రాడ్, కింద న్యూస్‌పేపర్, కుంకుమ బొట్లు, సగం కోసిన నిమ్మకాయ. ఆయుధపూజ. ఫొటో అంచుకి వాడి బొటనవేలు పడ్డది. అమ్మ ఆ వేలు ఒక్కటే పెద్దగ చేసి చూసింది. గోరు చుట్టూ గ్రీజు నల్లగ, పక్కన చిన్న కోత, మానుతున్నది. "పని చేస్తున్నడు" అన్నది, ఫోన్ నాకిచ్చి వంటింట్లకి పోయి పూరీలు చేసుడు మొదలుపెట్టింది.

అక్టోబర్ 13, ఆదివారం

తిరుగుప్రయాణం. పాప బస్టాప్ దాక వచ్చి తాతకి మూడు, రెండు చప్పట్లు కొట్టింది.

వాయిస్ మెసేజ్ అంటే బాపుకి మొదటి నుంచి పడదు, అవతల మనిషి లేకుండ మాట్లాడుడేంది అంటడు. ఉప్పల్ల బస్సు కదిలినంక మాత్రం నా దిక్కు తిరిగి ఫోన్ ఇటియ్యి అన్నడు. ఎక్కడ ఒత్తాలె అని అడిగి, బొటనవేలు దాని మీద పెట్టి, గొంతు సవరించుకుని, ఉత్తరం రాసినట్టే చెప్పిండు. "ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. హన్మకొండ బస్సెక్కినం. ఇక్కడ వానలు లేవు." వేలు తీసుడు మర్చిపోయిండు, ఇంకో పది సెకన్లు బస్సు చప్పుడే పోయింది. నేనే వేలు తీయించిన. ఘట్‌కేసర్ దాటినంక రెండో టిక్కు పడ్డది.